నల్లమల పర్యాటకానికి కోట్లు వచ్చినయి: కట్టుడు సరే, నడుపుడు ఎవరి పైసలతో?

1 | నల్లమల_బాట

నల్లమలలో సోమశిల, ఫరహాబాద్, మల్లెలతీర్థం పర్యాటక పనుల గురించి వేరే వేరే చర్చల్లో ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నం. అన్నీ ఒక్కకాడికి తెద్దామని ఇది తెరుస్తున్న.

ముందు లెక్క. 2015–16లో స్వదేశ్ దర్శన్ అనే కేంద్ర పర్యాటక పథకం కింద పాత మహబూబ్‌నగర్ జిల్లాకు ఎకో సర్క్యూట్ మంజూరైంది, 91.62 కోట్లు. సోమశిల, సింగోటం, కదళీవనం, అక్కమహాదేవి గుహలు, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అందులో ఉన్నయి. తర్వాత 2024 నవంబరులో, రాష్ట్రాల మూలధన వ్యయానికి కేంద్రం ఇచ్చే ప్రత్యేక సాయం కింద, సోమశిల – నల్లమల వెల్‌నెస్, ఆధ్యాత్మిక విడిది ప్రాజెక్టుకు సుమారు 68 కోట్లు. అదే విడతలో దేశం మొత్తం మీద 23 రాష్ట్రాల్లో 40 ప్రాజెక్టులు, 3,295 కోట్ల పైచిలుకు. మొదటిది గ్రాంటు. రెండోది 50 ఏళ్ళ వడ్డీలేని అప్పు. పని రెండేళ్ళలో ముగించాలె, నిధుల విడుదల 2026 మార్చి 31 దాకనే అని మంజూరు నాటి షరతు.

అడిగేది ఒక్కటే. ఇట్లాంటి పైసలు అడవి అంచుకు వచ్చినప్పుడు దేనిమీద పెడితే ఐదేళ్ళ తర్వాత కూడా పనిచేస్తది? మీ మీ పనిలో తెలిసిన కొలతలతో చెప్పండి. "అభివృద్ధి కావాలె" అని ఒక్క ముక్క రాసి పోకండి.

2 | రూల్_38

మొదట ఒక పదం సరిచేద్దాం. ఆ చర్చల్లో అందరం "నేషనల్ పార్క్" అంటున్నాం గానీ తెలంగాణలో జాతీయ ఉద్యానాలు మూడే: కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలవే. మన దగ్గర ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. కోర్ (లోపలి గట్టి రక్షణ ఉన్న అడవి) 2,166.37 చదరపు కిలోమీటర్లు, బఫర్ (దాని చుట్టూ అంచు) 445.02. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉంది. 1983లో ఏర్పడ్డ నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగంగా ఉండేది, రాష్ట్రం విడిపోయాక 2015లో వేరైంది.

ఈ తేడా పేరు కోసం కాదు, డబ్బు ఎక్కడ పెట్టొచ్చో తేల్చేది ఇదే. కోర్ అంత పెద్దది, బఫర్ ఇంత చిన్నది. ఎన్‌టీసీఏ (జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ) 2012 అక్టోబరు మార్గదర్శకాల ప్రకారం కోర్‌లో గరిష్ఠంగా 20 శాతం మేరకే పర్యాటక మండలం ఉండొచ్చు, అదీ క్రమబద్ధంగా, తక్కువ తాకిడితో. కోర్‌లో కొత్తగా పర్యాటక కట్టడాలు కూడదు. 20 శాతం అంటే 433 చదరపు కిలోమీటర్లు కదా అని సంబరపడొద్దు. అది పైహద్దు మాత్రమే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 33వ సెక్షన్ కూడా చూడండి. వాణిజ్య అవసరానికి కట్టే వసతి గృహాలు, ప్రభుత్వానివైనా సరే, జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు అనుమతి లేకుండా అభయారణ్యంలో కట్టడానికి వీల్లేదు. "ప్రభుత్వానివైనా" అన్నది 2022 సవరణలో చేరింది. పాత డీపీఆర్‌లను (ప్రాజెక్టు సవివర నివేదికలను) దుమ్ము దులిపి మళ్ళీ వాడే వాళ్ళు తరచూ ఇక్కడే చిక్కుకుంటారు.

ఇంకో రెండు దారులు కొందరు సూచిస్తుంటారు. రెండూ మూసే ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం 3(2) కింద హెక్టారు లోపు భూమి తీసుకోవచ్చు అంటారు. ఆ జాబితాలో 13 రకాల సదుపాయాలే ఉన్నాయి: బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, కరెంటు లైను, తాగునీటి పైపు, రోడ్డు, సామాజిక భవనం వంటివి. పర్యాటకం లేదు. కంపా (పోయిన అడవికి బదులు అడవి పెంచే) నిధులు వాడొచ్చు అంటారు. 2018 నియమాల ప్రకారం జూలూ వన్యప్రాణి సఫారీలూ నెలకొల్పడానికి, విస్తరించడానికి ఆ సొమ్ము వాడకూడదు.

3 | సైటింజినీరు_కందనూలు

చట్టం సంగతి సార్ చెప్పిండ్రు. నేను నేల సంగతి చెప్త.

అడవి అంచున ఏ పర్యాటక పనైనా మొదట చెడేది మరుగుదొడ్డి. గోడలు, టైల్సు కాదు, కింద నీళ్ళు పోయే జాగ. నల్లమలలో చానా చోట్ల రెండు మూడు అడుగుల మన్ను దాటితే బండ. మామూలు డీపీఆర్‌లో సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ఇంకుడు గుంత గీసి పెడతరు. కాగితం మీద బాగుంటది. బండలో నీళ్ళు ఇంకవు. మూడు నాలుగు ఆదివారాలకే గుంత నిండి మురుగు పైకి వస్తది, నెలకు వాసన, రెండో నెలకు తాళం.

అందుకే డిజైన్ కంటే ముందు ఇంకుడు పరీక్ష చేయాలె. భారత ప్రమాణం ఐఎస్ 2470లో పద్ధతి ఉన్నది. గుంత తీసి, అడుగున సన్న కంకర పోసి, రాత్రంతా నీళ్ళు నిలబెట్టి మన్నును తడపాలె. తెల్లారి నీళ్ళు పోసి, 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడతదో చూడాలె. 30 నిమిషాల లోపైతే ఇంకుడు గుంత పనిచేస్తది. 30 నుంచి 60 అయితే గుంత వద్దు, పొడుగు కందకం తీసి పైపు పరవాలె. 60 దాటితే రెండూ పనికిరావు. అప్పుడు పైకి ప్రవహించే వడపోత ట్యాంకు, దాని వెనుక మిగిలిన మురుగును వడకట్టే రెల్లు మడి పెట్టుకోవాలె.

నీళ్ళ లెక్క. మన్ననూరు అసుంటి అడవి గేటు కాడ రద్దీ ఆదివారం 600 మంది ఆగుతరు అనుకుందాం, ఇది లెక్క కోసం తీసుకున్న అంకె. మనిషికి సగటున ఒకటిన్నర సార్లు, సారికి చేతులు కడుక్కునేదాంతో కలిపి 8 లీటర్లు. 7,200 లీటర్లు. సోలార్ పంపు మబ్బు పట్టిన రోజు సగం కూడ ఇయ్యదు, అందుకే రెండు రోజుల నిల్వ, 15,000 లీటర్లు కావాలె. చానా చోట్ల 2,000 లీటర్ల నల్ల ట్యాంకు ఒకటి పెట్టి వదిలేస్తరు. పదకొండు గంటలకే ఖాళీ. నీళ్ళు లేని మరుగుదొడ్డిని జనం పది నిమిషాల్లో పాడుచేస్తరు. తప్పు జనానిది కాదు, ట్యాంకుది.

సెప్టిక్ ట్యాంకు రోడ్డుకు 30 మీటర్ల లోపే ఉండాలె. ఆ దూరం దాటితే బురద తోడే లారీ పైపు అందదు. తోడిన బురద ఏ పురపాలిక శుద్ధి కేంద్రం తీసుకుంటదో టెండరు దశలోనే రాసుకోవాలె. లేకపోతే లారీవాడు రాత్రిపూట వాగులో వదిలేస్తడు.

4 | అప్పాపూర్_దారి

కోతులు, అన్నా. కోతుల సంగతి రాయలేదు.

5 | సైటింజినీరు_కందనూలు

నిజమే తమ్మీ, మర్చిపోయిన. ట్యాంకు మూత తిప్పి బిగించే రకం ఉండాలె, పైనుంచి మూసే మూత ఒక్క రోజు ఉండదు. బయటకు కనిపించే పీవీసీ పైపు ఒక్కటి కూడ ఉండొద్దు, ఊగి ఇరగ్గొడతయి. జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు, లేదా గోడలో పూడ్చాలె. తిప్పే నల్లాలు కాకుండ నొక్కి వదిలేస్తే బంద్ అయ్యే నల్లాలు. సోలార్ ప్యానెల్ వైర్లు ఇనుప గొట్టంలోంచి పోవాలె. వెంటిలేటర్‌కు జాలీ లేకపోతే లోపలికి వస్తయి, అప్పుడు ఆడవాళ్ళు ఆ దొడ్డికి పోరు. బయో డైజెస్టర్ పెడితే శుభ్రం చేసేవాళ్ళకు ఒక మాట గట్టిగ చెప్పాలె: యాసిడ్, ఫినాయిల్ పోయొద్దు. లోపలి బ్యాక్టీరియా చస్తది, ఆ తర్వాత అది ఒట్టి డబ్బా.

6 | కృష్ణ_ఒడ్డు

శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉన్న సోమశిల వైపు నుంచి నేను.

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలానికి సంగమేశ్వరం గుడి బయటపడేంత దిగుతుంది. ఈ ఒక్క వాక్యం పట్టించుకోకుండా కట్టిన బోటు జెట్టీ ఆరు నెలలు నీళ్ళలో, ఆరు నెలలు బురదలో ఉంటుంది. కాంక్రీటు స్తంభాల మీద స్థిరమైన జెట్టీ సోమశిలకు పనికిరాదు.

తేలే జెట్టీ మంచిదే, కానీ దానికీ లెక్క ఉంది. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డబ్బాలు 50 సెంటీమీటర్ల చదరం, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. చదరపు మీటరుకు దాదాపు 350 కిలోలు మోస్తాయి. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు అంటే 72 డబ్బాలు, 6,300 కిలోలు. 40 మంది ఎక్కితే 3,000 కిలోలు. అంటే సగం కంటే తక్కువ బరువు, భద్రంగా ఉంటుంది. అసలు కష్టం ఒడ్డు నుంచి దాని మీదికి పోయే వంతెనది. నీటిమట్టం 50 అడుగులు మారుతుంది అనుకోండి, 15 మీటర్ల పైన. 8కి 1 వాలు ఉంచాలంటే వంతెన 120 మీటర్లు ఉండాలి. ఎవరూ కట్టరు, కట్టకూడదు కూడా.

నా లెక్కలో మెట్ల ఘాట్ నయం. ఒడ్డు వాలు వెంబడి పొడవుగా మెట్లు, నాలుగైదు మట్టాల దగ్గర వెడల్పైన అరుగులు, ప్రతి అరుగు దగ్గర లంగరు కొక్కేలు. నీళ్ళు దిగిన కొద్దీ తేలే జెట్టీని కింది అరుగుకు జరుపుకోవాలి. దీనికి ఇద్దరు మనుషులు రోజూ ఉదయం గొలుసు వదులు చేయాలి. రెండు రోజులు చూడకపోతే ఒక మూల ఒడ్డున కూర్చుంటుంది, జెట్టీ వంకర తిరుగుతుంది, డబ్బాలను ఒకదానికొకటి కలిపే చెవులు తెగుతాయి. తెగిన చెవికి అతుకు ఉండదు, డబ్బా మార్చాల్సిందే. కాబట్టి 72కి ఇంకో 8 డబ్బాలు నిల్వ ఉంచాలి.

లాంచీలకు 2021 అంతర్గత నౌకల చట్టం కింద రిజిస్ట్రేషను, సర్వే తప్పనిసరి. లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి వేరుగా కొనాలి. పెద్దవాళ్ళ జాకెట్ వేస్తే పిల్లలు దానిలోంచి కిందికి జారిపోతారు. కొనేటప్పుడు అందరూ ఒకటే సైజు కొంటారు, ఎందుకంటే ధరల పట్టీలో ఒకటే వరుస ఉంటుంది.

7 | పాలమూరు_లెక్క

అందరి పోస్టుల్లో ఒక మాట దాగి ఉన్నది. రోజూ గొలుసు వదులు చేసే ఇద్దరు మనుషులు, బురద తోడే లారీ, నిల్వ డబ్బాలు. ఇవి ఏ పద్దు కింద వస్తయి?

స్వదేశ్ దర్శన్ కట్టుబడికే పైసలు ఇస్తది, నడిపించుడు రాష్ట్రం బాధ్యత. మూలధన సాయం పేరులోనే ఉన్నది, మూలధనం. జీతాలకు, రిపేర్లకు అందులో ఒక్క రూపాయి రాదు. కట్టిన విలువలో ఏటా కనీసం 3 శాతం నిర్వహణకు కావాలె, అడవిలో, నీటి ఒడ్డున ఇంకా ఎక్కువే పడుతది. 68 కోట్లకు 3 శాతం 2 కోట్ల 4 లక్షలు. ఏటా. ఈ రెండు కోట్లు ఎక్కడినుంచి వస్తయో రాసి సంతకం పెట్టకుండ పని మొదలుపెట్టొద్దు అన్నది నా మాట.

టెండరులోనే చేయగలిగింది ఒకటున్నది. కట్టుబడి లోపాలకు కాంట్రాక్టరు బాధ్యుడయ్యే రెండేళ్ళ కాలంతో సరిపెట్టకుండ, కట్టినవాళ్ళే ఐదేళ్ళు నడపాలె అని కలిపి పిలవాలె. బిల్లులో కొంత భాగం ఐదేళ్ళ మీద పరిచి, మూడు నెలలకోసారి తనిఖీ చేసి ఇయ్యాలె. తనిఖీ పత్రం ఒక్క పేజీ చాలు: నల్లా తిప్పితే నీళ్ళు వచ్చినయా, తలుపు గడియ పడ్డదా, దీపం వెలిగిందా, మెట్ల రెయిలింగ్ ఊగిందా. తానే నడపాలని తెలిసిన కాంట్రాక్టరు పీవీసీ పైపు పెట్టడు, ఎవరూ చెప్పక్కర్లేకుండనే జీఐ పెడతడు.

8 | దేవరకొండ_సీను

మాట్లాడేదంతా అచ్చంపేట, కొల్లాపూర్ గురించేనా? నల్లగొండ వైపు కూడ ఇదే అభయారణ్యం ఉన్నది. సాగర్ నీటి ఒడ్డున నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీకి ఆదివారం వస్తే కార్లు పెట్టే జాగ ఉండదు. సాగర్‌లో 274 ఎకరాల బుద్ధవనం 2022లో తెరిచిన్రు. సాగర్ నుంచి దేవరకొండ ఖిల్లా, డిండి, మన్ననూరు కలిపి ఒక దారి చేస్తే హైదరాబాదోళ్ళు రెండు రోజులు ఉంటరు. ఉండాలంటే రూములు కావాలె. వంద రూములు కట్టండి, వందమందికి ఉద్యోగాలు వస్తయి. మీరేమో జెట్టీ చెవులు, పైపులు అంటున్నరు.

9 | రూల్_38

సీను గారూ, దారి ఆలోచన మంచిది, నేనూ ఒప్పుకుంటాను. వంద గదులు ఎక్కడ అన్నదే ప్రశ్న. ముందు అడవి ఎంతమందిని మోస్తుందో చూద్దాం. ఎన్‌టీసీఏ మార్గదర్శకాల్లోనే లెక్క కట్టే పద్ధతి ఇచ్చారు. అడవి విస్తీర్ణం కాదు, సఫారీ రోడ్డు పొడవు తీసుకోవాలి. దుమ్ము లేవకుండా రెండు బండ్ల మధ్య అర కిలోమీటరు, అంటే కిలోమీటరుకు 2 బండ్లు.

మచ్చుకి 30 కిలోమీటర్ల రోడ్డు, పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత అనుకోండి. 30 × 2 × 2 = 120 ట్రిప్పులు. ఇది భౌతిక సామర్థ్యం మాత్రమే. దీనిలోంచి తగ్గింపులు: వాలు, కోత ఉన్న రోడ్డుకు 25 శాతం, జంతువులు ఈనే కాలపు అలజడికి 10 శాతం, నీటి గుంటల దగ్గర వేసవి రద్దీకి 25 శాతం. 120 × 0.75 × 0.90 × 0.75 అంటే 60 చిల్లర. చివరగా నిర్వహణ సామర్థ్యం: ఉండాల్సిన సిబ్బందిలో ఎంతమంది ఉన్నారో ఆ శాతం. 40 శాతం ఉంటే మిగిలేది 24 ట్రిప్పులు.

తగ్గింపు శాతాలు నేను ఉదాహరణకు వేసినవి, నిజమైనవి ఆ రోడ్ల మీద కొలవాలి. కానీ ఆ చివరి గుణకం చూడండి. 60ని 24 చేసింది సిబ్బంది కొరత. గదులు ఎన్ని కట్టినా 24 మారదు. గార్డులను, ట్రాకర్లను పెంచితే మారుతుంది. 24 ట్రిప్పులు, బండికి ఆరుగురు, 144 మంది. అందులో సగం రాత్రి ఉంటారనుకుంటే, గదికి ఇద్దరు చొప్పున 36 గదులు. వంద గదులు కడితే మిగిలిన 64 నింపడానికి 24ను 60 చేయమని, రాత్రి సఫారీ పెట్టమని ఒత్తిడి మొదలవుతుంది.

10 | నల్లమల_బాట

మధ్యలో ఒక మాట. మన్ననూరు దాటితే రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు పోనియ్యరు. ఇది తెలియక తొమ్మిదిన్నరకు వచ్చి గేటు కాడ రాత్రంతా కార్లలో పడుకునేటోళ్ళు చానామంది. పిల్లలు, ముసలోళ్ళు ఉంటరు. వాళ్ళకు గదులు కాదు కావలసింది. వెలుతురు ఉన్న పార్కింగ్, నీళ్ళు, దొడ్డి, కూర్చునే అరుగు చాలు. సీనన్న అడిగే రూముల్లో కొన్ని మన్ననూరు ఊరు, అచ్చంపేట, డిండి, దేవరకొండలో ఉన్న ఇండ్లకే హోమ్‌స్టేలుగా పోతే ఊళ్ళకు పైసలు మిగులుతయి.

11 | దేవరకొండ_సీను

లెక్క చూసిన. ఊళ్ళలో రూములు అంటే నాకు అభ్యంతరం లేదు, నేను అడిగింది జిల్లాకు వాటా. అయితే వైజాగ్ కాలనీ నీటి ఒడ్డుకు కూడ కృష్ణ_ఒడ్డు అన్న చెప్పిన మెట్ల ఘాట్ సరిపోతదా? సాగర్ నీళ్ళు కూడ దిగుతయి కదా.

12 | కృష్ణ_ఒడ్డు

సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస వినియోగ మట్టం 510. శ్రీశైలం లాగే దిగుతుంది, పద్ధతి అదే. ఒకటి జాగ్రత్త: చేపల వాళ్ళ పుట్టీలు ఆగే చోట ఘాట్ పెట్టొద్దు. వాళ్ళ వలలు ఆరేసే జాగ పోతే గొడవ మొదలవుతుంది, అది న్యాయమైన గొడవే. పక్కన వంద మీటర్లు జరిగి పెట్టండి.

13 | అప్పాపూర్_దారి

ఇంతసేపు చెంచుల మాట ఎవరూ ఎత్తలేదు. ఈ అడవి మీద పెట్టే ప్రతి రూపాయి వాళ్ళ పెంటల (అడవిలోని చెంచు గూడేల) మీదినుంచే పోతది.

సఫారీ గైడ్లుగా, వాచర్లుగా చెంచు పిల్లలను తీసుకోవాలని అందరూ అంటరు. తీసుకుంటరు కూడ. చెడేది మూడు నెలల కాడ. జులై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా సఫారీ బంద్. రోజు కూలీ మీద ఉన్న గైడుకు ఆ మూడు నెలలు ఏమీ రాదు. అప్పు చేస్తడు, లేకపోతే హైదరాబాద్‌కు కూలికి పోతడు. అక్టోబరుకు కొత్త మనిషిని పట్టుకొని మొదటినుంచి నేర్పాలె. పక్షి అరుపు విని పులి ఎటు పోతుందో చెప్పగలిగే మనిషిని పోగొట్టుకొని, కాగితం చూసి చదివే మనిషిని తెచ్చుకున్నట్టు.

పన్నెండు నెలల జీతం ఇయ్యాలె. 12 మంది గైడ్లు, నెలకు 12,000 అనుకుంటే ఏడాదికి 17 లక్షల 28 వేలు. మూసిన మూడు నెలల్లో పని లేక కాదు. సఫారీ రోడ్ల మీద కోత పూడ్చుడు, లంటానా కంప పీకుడు, మెట్ల పక్క కాలువలు తీసుడు, జంతువులు తాగే నీటి సాసర్ల పగుళ్ళు పూడ్చుడు. అక్టోబరులో గేటు తెరిచే ముందు చేయాల్సిన పనులన్నీ అవే.

ఈ సొమ్ముకు దారి కూడ ఉన్నది. వన్యప్రాణి చట్టం 38ఎక్స్ కింద ప్రతి పులుల అభయారణ్యానికి పరిరక్షణ ఫౌండేషన్ ఉంటది. గేటు రాబడి అందులో పడితే ఖజానాకు పోయి తిరిగి వచ్చేదాకా ఆగక్కర్లేదు, నెల నెలా జీతం ఇయ్యొచ్చు.

ఇంకోటి. గ్రామసభ అంటే మన్ననూరులో షామియానా వేసి సంతకాలు తీసుకునుడు కాదు. పెంటకు పోవాలె. తేనె తీసే కాలంలో, జిగురు ఏరే కాలంలో మగోళ్ళు పెంటల ఉండరు, ఆ రోజుల్లో పెట్టిన సభకు అర్థం లేదు. ఏ నీటి చెలిమ దగ్గర వ్యూ పాయింట్ కడుతున్నరో, ఏ దేవుని రాయి పక్కనుంచి నడకదారి పోతుందో వాళ్ళకే తెలుసు.

14 | పాలమూరు_లెక్క

తమ్మీ చెప్పిన 17 లక్షలను రూల్ సార్ 24 ట్రిప్పులకు జత చేసి చూసిన. అక్టోబరు నుంచి జూన్ దాకా 273 రోజులు. 24 × 273 = 6,552 ట్రిప్పులు. ట్రిప్పుకు 2,000 వేస్తే అన్నీ నిండితే కోటీ 31 లక్షలు. అన్నీ నిండవు. వారం మధ్యల ఖాళీ పోతయి, 45 శాతం నిండితే 59 లక్షలు. అందులో గైడ్లకు 17, డ్రైవర్లు, డీజిల్, బండ్ల రిపేరు పోను చేతికి మిగిలేది స్వల్పం. నేను పైన చెప్పిన 2 కోట్ల నిర్వహణ ఇందులోంచి వచ్చే ప్రసక్తే లేదు.

15 | కృష్ణ_ఒడ్డు

ఒక్క సవరణ. 68 కోట్ల పని సఫారీ మీద లేదు కదా, ఎక్కువ భాగం సోమశిల ఒడ్డున. లాంచీ టికెట్లు, గదుల అద్దె, తిండి దుకాణాల రాబడి వేరే. సఫారీ రాబడిని ఆ నిర్వహణకు ఎదురు పెట్టడం సరికాదు.

16 | పాలమూరు_లెక్క

అవును, ఒప్పుకుంటున్న. రెండు ఖాతాలు వేరు వేరుగ చూడాలె. అయితే రాబడి లేని పనులను కూడ వేరుగ రాయాలె: దొడ్లు, మెట్లు, పార్కింగ్, చెత్త. ఇవి ఎప్పటికీ సంపాదించవు. అద్దె వచ్చే వాటి మీద నుంచి వీటికి శాతం కట్టబెడితే తప్ప బతకవు. పదేళ్ళ లీజు రాసేటప్పుడే "మొత్తం అమ్మకాల్లో ఇంత శాతం ఉమ్మడి నిర్వహణ ఖాతాకు" అని పెట్టాలె. లాభంలో శాతం అని రాస్తే లాభం ఎన్నడూ కనపడదు.

17 | సైటింజినీరు_కందనూలు

మల్లెలతీర్థం మెట్ల గురించి ఇద్దరు ప్రైవేటుగా అడిగిండ్రు, ఇక్కడే రాస్తున్న. కిందికి దాదాపు 350 మెట్లు. దిగుడు సులువు, ఎక్కుడు కష్టం. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు, వెడల్పు 30, అన్నీ ఒకే తీరు. ఒక్క మెట్టు 18 ఉంటే అక్కడే తట్టుకొని పడతరు. 15 మెట్లకు ఒక అరుగు, అంటే 23 అరుగులు.

బండ ఏది వాడాలన్నది ముఖ్యం. నున్న కడప బండ తడిస్తే సబ్బు లెక్క జారుతది, రెండు వానలకు నాచు పడతది. గరుకు గ్రానైటు వాడాలె. కొండ వైపు అడుగు వెడల్పు కాలువ లేకపోతే వాననీళ్ళు మెట్ల మీదికే వస్తయి. కాలువ ఉన్నా జూన్‌కు ముందు ఆకులు తీయకపోతే అంతే. ఆనుడు గోడలకు నీళ్ళు కారే రంధ్రాలు మర్చిపోతే వెనుక నీళ్ళు నిలిచి గోడ ఉబ్బుతది, రెండో వానాకాలానికి మెట్లు విడిపోతయి.

కింద మడుగు కాడ హద్దు తాడు, లోతు చూపే రంగు కర్ర, ఈత వచ్చిన మనిషి ఒకరు. పైన వాన పడితే కింద ఎండ ఉన్నా నీళ్ళు ఒక్కసారి వస్తయి. ఈ మాట తెలుగులో పెద్ద అక్షరాలతో మెట్ల మొదట్లనే రాయాలె, చివర్ల కాదు.

18 | నల్లమల_బాట

చెత్త సంగతి చిన్నగ చెప్త. అడవి లోపల డబ్బాలు పెట్టొద్దు. డబ్బా పెట్టిన చోటికి కోతి వస్తది, ఎలుగు వస్తది, వాటి వెనుక ఫొటో తీసేటోడు వస్తడు. గేటు కాడ సీసాలు లెక్కపెట్టి, చీటీ మీద రాసి, డిపాజిట్ తీసుకొని, తిరిగి వచ్చినప్పుడు లెక్క చూసి ఇయ్యాలె. శ్రీశైలం పోయే బండ్లకు రెండు గేట్లు కాబట్టి మన్ననూరు కాడ ఇచ్చిన చీటీ అటు చివర దోమలపెంట కాడ కూడ చెల్లాలె. ఒకవైపే చెల్లితే జనం సీసా కిటికీలోంచి పారేసుకుంటరు. దీపాలు పసుపు రంగువి, కిందికి మాత్రమే వెలుగు పడేటివి. తెల్ల ఫ్లడ్ లైట్లు అడవి వైపు తిప్పి పెట్టుడు వెంటనే ఆపాలె.

19 | అప్పాపూర్_దారి

సలేశ్వరం జాతర కూడ ఈ లెక్కలోకి రావాలె. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే. లోయలో, గరిష్ఠ ఎండలో, అడవి ఎండి అగ్గి భయం ఉన్నప్పుడు వేలమంది ఒక్క ఇరుకు దారిలో దిగుతరు. దీనికోసం లోపల పర్మనెంటు కట్టడాలు కట్టాలని ప్రతి ఏడూ అడుగుతరు. వద్దు. ఏడాదిలో ఆ కొద్ది రోజులకు కట్టింది మిగతా రోజుల్లో గబ్బిలాలకే. కిరాయికి తెచ్చే బయో టాయిలెట్లు, ట్యాంకర్లు, తాళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దిగేదారి ఒకటి ఎక్కేదారి ఒకటి, బండ్లను మన్ననూరు కాడనే ఆపి గుంపులు గుంపులుగ వదులుడు. ఇరుకు కాడ రెండు వైపుల జనం ఎదురెదురుగ వచ్చినప్పుడే ప్రమాదం. అక్కడ చెంచు వాలంటీర్లు విజిల్‌తో నిలబడాలె, వాళ్ళకు కూలి అదే రోజు సాయంత్రం ఇయ్యాలె.

20 | దేవరకొండ_సీను

వైజాగ్ కాలనీకి ఒక అర్జీ తయారు చేస్తున్న: పార్కింగ్, దొడ్లు, మెట్ల ఘాట్, మూడే. ఇంజినీరన్నా, ఇంకుడు పరీక్ష ఏ నెలలో చేయించమని రాయాలె? ఎండాకాలంలో చేస్తే నీళ్ళు తొందరగ ఇంకుతయి కదా, లెక్క తప్పదా?

21 | సైటింజినీరు_కందనూలు

తప్పుతది. ఎండాకాలంలో మన్ను పగుళ్ళలోకి నీళ్ళు పోయి మంచి అంకె చూపిస్తది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్ల, నేల తడిసి ఉన్నప్పుడు చేయించండి. కట్టే జాగలో మూడు గుంతలు తీయించి, మూడింటిలో నిదానంగ ఇంకిన దాన్నే డిజైన్‌కు తీసుకోవాలని అర్జీలో రాయండి. ఒడ్డున కాబట్టి ఇంకోటి కూడ: సాగర్ 590 అడుగులు నిండినప్పుడు భూగర్భ నీళ్ళు ఎంత పైకి వస్తయో అదే గుంతల్లో చూడాలె. గుంత అడుగుకు, నీటిమట్టానికి మధ్య కనీసం రెండు మీటర్లు లేకపోతే అక్కడ కట్టొద్దు, పైకి జరగండి. కొలతలు తీసినంక ఇక్కడ పెట్టండి, ట్యాంకు సైజు లెక్క కట్టి ఇస్త.